దోనెకు అక్కర్లేని కీల్

తెరచాప పడవ అడుగున, నట్టనడుమ, నీటిలోకి దిగి ఉండే బరువైన రెక్కను కీల్ అంటారు. తలుపు కీలుకూ దీనికీ చుట్టరికం లేదు. ఇది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. చెక్కతో ఓడలు కట్టిన రోజుల్లో పడవ పొడవునా అడుగున పరిచే వెన్నుదూలానికి ఆ పేరు ఉండేది. ముందు ఆ దూలాన్ని నిలిపి, దాని మీద పక్కటెముకల్లా కొయ్యలు లేపి, వాటికి పలకలు బిగించేవారు. ఇప్పటి తెరచాప పడవల్లో ఆ దూలం దాదాపు కనిపించదు. ఫైబర్‌గ్లాస్ డొప్పను ఒకే ముక్కగా అచ్చులో తీసి, దాని కిందికి పోత ఇనుముతోనో సీసంతోనో చేసిన రెక్కను తెచ్చి బోల్టులతో బిగిస్తారు. పడవ మొత్తం బరువులో మూడో వంతు నుంచి ఐదింట రెండు వంతుల దాకా ఆ ఒక్క రెక్కలోనే ఉంటుంది.

కొల్లేటి మీద తరతరాలుగా తిరిగిన తాటిదోనెకు ఈ భాగమే లేదు. తాటిమాను మొదట్లో ఉబ్బి, పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. చుట్టూ నల్లటి చేవ ఇనుములా ఉంటుంది, లోపలంతా మెత్తని పీచు. మానును నిలువునా చీల్చి ఆ పీచును తొలిచేస్తే చేవ ఒక్కటీ డొప్పలా మిగులుతుంది. ఉబ్బిన మొదలు వైపు మనిషి నిలబడడానికి కావలసిన వెడల్పు దానంతట అదే దొరుకుతుంది. ఒంటి దోనె అటూ ఇటూ ఊగుతుంది కాబట్టి బరువు వేయాల్సి వచ్చినప్పుడు రెండింటిని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో కడతారు. ఆ జంటకు సంగడి అని పేరు. స్నేహితుణ్ణి సంగడీడు అనే పాత మాట కూడా జతగా ఉండడాన్నే చెబుతుంది. ఒంటిదైనా జంటైనా దోనె అడుగు గుండ్రంగా, నున్నగా ఉంటుంది. నీటి కిందికి పొడుచుకొచ్చేది ఏదీ ఉండదు. దీన్ని వెనకబాటుతనం అనుకోవడం పొరపాటు. కొల్లేటి నీళ్ళను బట్టి చూస్తే అంతకు మించిన అడుగు మరొకటి కుదరదు.

గోదావరి, కృష్ణ డెల్టాలు రెండూ మెరకెక్కుతూ పోగా నడుమ మిగిలిపోయిన పల్లమే కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏళ్ళు, డెల్టా కాలువల మిగులు నీళ్ళు అందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి ఒక్క ఉప్పుటేరు. అది సుమారు 60 కిలోమీటర్లు మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. సరస్సు ఎంత ఉందో చెప్పడానికి కాంటూరు లెక్క వాడతారు, అంటే సముద్రమట్టం మీద ఎన్ని అడుగుల ఎత్తు దాకా నీరు నిలిచిందన్న లెక్క. మూడో కాంటూరు దాకా నీరుంటే కొల్లేరు 135 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరుకు 308, పదో కాంటూరు దాకా పొంగితే 901. ఐదో కాంటూరు వరకు ఉన్న ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో ఈ సరస్సు అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాకెక్కింది.

ఈ అంకెలను ఎక్కువగా ఆక్రమణల గొడవల్లోనే వింటుంటాం. పడవ నడిపేవారికి మాత్రం వీటిలో వేరే కబురుంది. మూడు నుంచి ఐదుకు పెరగడమంటే నీరు రెండడుగులు పెరగడం. ఆ రెండడుగులకే సరస్సు రెండింతలు దాటుతోంది. అంటే ఐదో కాంటూరు దగ్గర నిండుగా, అంచు కనపడనంతగా ఉన్న రోజున కూడా అందులో సగానికి మించిన మేర లోతు రెండడుగులు దాటదు. సముద్రం మీద తిరిగే 35 అడుగుల తెరచాప పడవకు కీల్‌తో కలిపి నీటిలో మునిగే లోతు మామూలుగా 1.8 మీటర్ల నుంచి 2 మీటర్లు, అంటే ఆరడుగులకు అటూ ఇటూ. దాన్ని అక్కడికి తెచ్చి దింపినా కదలదు.

మరి అంత లోతున వేలాడే బరువును కోరి తగిలించుకోవడం ఎందుకు? రెండు పనుల కోసం. మొదటి పని పడవను పక్కకు కొట్టుకుపోకుండా ఆపడం.

తాడేపల్లిగూడెం మీదుగా పారే ఏలూరు కాలువ చరిత్ర చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ వెంటనే 1855 నాటికి బెజవాడ ఆనకట్ట లేచింది. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొర దృష్టిలో కాలువలు పొలానికి నీళ్ళిచ్చేవే కాదు, పడవలు తిరిగే దారులు కూడా. విజ్జేశ్వరం దగ్గర గోదావరి నుంచి బయలుదేరిన కాలువ నిడదవోలు, తాడేపల్లిగూడెం, భీమడోలు మీదుగా వస్తుంది, బెజవాడ నుంచి కృష్ణ కాలువ వస్తుంది, రెండూ ఏలూరులో కలుస్తాయి. నీటిమట్టం మారే చోటల్లా లాకులు కట్టారు. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గం 1,078 కిలోమీటర్లలో ఏలూరు కాలువ వాటా 139. లారీలు, రైళ్ళు సరుకును లాక్కునే దాకా ఈ దారిలో ధాన్యం మూటలు, కలప, మనుషులు పడవల మీదే ప్రయాణం చేశారు.

ఆ పడవలు వెడల్పాటివి, అడుగు చదును. తెరచాప ఉండేది, కానీ గాలి వెనక నుంచి వీచినప్పుడే దాన్ని ఎత్తేవారు. గాలి ఎదురైతేనో, పక్క నుంచి కొడితేనో చాప దించేసి, గట్టు మీదికి దిగి, తాడు భుజానికెత్తుకుని నడుములు వంచి లాగేవారు. లేదంటే గడ వేసి నెట్టేవారు. పక్కగాలిని పట్టుకుని ముందుకు పోవడం చదును అడుగు పడవకు చేతకాదు. గాలి పక్క నుంచి తెరచాపను నెడితే ఆ నెట్టుడులో కొంతే ముందుకు పోయేది, మిగతాదంతా పక్కకు తోసేది. అడుగున నీటిని పట్టే ఆసరా లేనప్పుడు పడవ నీటి మీద ఎండుటాకులా గాలివాటంగా జారుతుంది. పాతిక ముప్ఫై మీటర్ల కాలువలో అలా జారితే ఎదుటి గట్టుకు తగలడమే. మలుపు మలుపుకీ తాడు పట్టుకోవలసి రావడానికి కారణం అదే.

కీల్ ఉన్న పడవ ఆ జారుడును నీటితోనే అడ్డుకుంటుంది. దుక్కిలో దిగిన నాగలిని పక్కకు నెట్టితే కదలదు, ముందుకు లాగితే సాగుతుంది. కీల్ చేసేదీ అలాంటిదే. అయితే నీరు మట్టి కాదు, గట్టిగా పట్టి ఉంచదు, అందుకే ఇందులో ఇంకో మర్మం ఉంది. పక్కగాలికి సాగే పడవ తన ముక్కు చూపే దారిలో అచ్చంగా పోదు. మూడు నాలుగు డిగ్రీలు గాలివాలుకు తేలుతూ పోతుంది. ఆ కాస్త వాలు వల్ల నీరు కీల్‌కు ఏటవాలుగా తగులుతుంది. అప్పుడు కీల్‌కు ఒక వైపున ఒత్తిడి తగ్గి, రెండో వైపున పెరుగుతుంది. విమానం రెక్క గాలిలో పైకి లేచేది ఏ సూత్రం మీదో, కీల్ నీటిలో గాలికి ఎదురువైపు నెట్టేది అదే సూత్రం మీద. పైన తెరచాప ఒక రెక్క, కింద కీల్ రెండో రెక్క. రెండింటి తోపులాటలో మిగిలిన బలం పడవను ముందుకు తోస్తుంది. ఈ అమరిక ఉన్న పడవ గాలి వచ్చే దిక్కుకు 45 డిగ్రీల దాకా దగ్గరగా పోగలదు. ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు తిప్పుకుంటూ వంకర దారిలో ఎదురుగాలి మీదికే ఎక్కిపోగలదు.

రెక్క పని చేయాలంటే నీరు దాని మీదుగా పారాలి. పడవ నెమ్మదించిందంటే కీల్ పట్టు తగ్గి పక్కకు జారడం ఎక్కువవుతుంది. మెరక దగ్గరవుతోందని జాగ్రత్తకు వేగం తగ్గించిన సరంగు, సరిగ్గా ఆ తగ్గించడం వల్లే, అనుకున్న దారి తప్పి మెరక వైపు జరుగుతుంటాడు. గాలి మెరక వైపు వీస్తున్న రోజున ఈ సంగతి మరిచిపోవడం చాలా ప్రమాదం.

కీల్ రెండో పని పడవను నిటారుగా నిలపడం. అడుగున మట్టి బరువు పెట్టిన తంజావూరు బొమ్మను ఎంత తోసినా లేచి నిలబడుతుంది, ఇదీ అంతే. ఆరు టన్నుల పడవకు రెండు టన్నుల కీల్ ఉందనుకుందాం. ఆ బరువు పడవ తూగే కేంద్రానికి ఒకటిన్నర మీటర్ల దిగువన ఉందనుకుందాం. పడవ నిటారుగా ఉన్నంతసేపూ అది కేవలం మోత బరువు. గాలికి 30 డిగ్రీలు వాలిందంటే కీల్ ముప్పావు మీటరు పక్కకు జరిగి, రెండు టన్నులతో వెనక్కి లాగుతుంది. 75 కిలోల మనుషులు ఇరవై మంది పడవ నడిమి గీతకు మీటరు దూరంలో ఎత్తు వైపున కూర్చుంటే ఎంత బలమో అంత. పడవ పూర్తిగా పడుకున్నప్పుడు ఈ బలం రెండింతలవుతుంది. పడిపోయేకొద్దీ లేపే బలం పెరగడం కీల్ గొప్పతనం. వెడల్పును నమ్ముకున్న సంగడి దీనికి సరిగ్గా తిరుగు. మొదట్లో అసలు వాలదు, గట్టి నేల మీద నిలబడినట్టే ఉంటుంది. ఒక హద్దు దాటితే ఇక లేవదు. కొల్లేటిలో ఆ హద్దు దాటే అలలు అరుదు. దాటినా నిలబడ్డానికి కాలికి నేల అందే చోట్లే ఎక్కువ.

మహాసముద్రంలో కాలికి ఏదీ అందదు. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరి, 2018 మే 21న తిరిగి గోవా చేరిన నౌకాదళ పడవ ఐఎన్‌ఎస్‌వీ తారిణిలో ఆరుగురు మహిళా అధికారులున్నారు. కెప్టెన్ వర్తికా జోషి. ఆ ఆరుగురిలో ఇద్దరు తెలుగువారు: విశాఖపట్నం నుంచి వచ్చిన పి. స్వాతి, హైదరాబాద్ నుంచి వచ్చిన బి. ఐశ్వర్య. 17 మీటర్ల పొడవున్న ఆ పడవలో వారు 21,600 నాటికల్ మైళ్ళు తిరిగారు, కేప్ హార్న్ చుట్టి వచ్చారు, పసిఫిక్‌లో పెనుతుపానును ఎదుర్కొన్నారు. అలాంటి నీటిలో పడవ వాలిన ప్రతిసారీ లేచి నిలబడిందంటే అది నీటి కింద ఎవరికీ కనపడని బరువు చలవే.

కీల్ ఎంత లోతుగా ఉంటే ఈ రెండు పనులూ అంత బాగా చేస్తుంది. అదే లోతు మెరక నీటిలో ప్రాణం మీదికి తెస్తుంది. పడవ గీసేవారు వందేళ్ళుగా ఈ పీటముడి చుట్టూనే తిరుగుతున్నారు.

పాత పద్ధతి కీల్ పడవ పొడవునా సాగుతుంది, లోతు తక్కువ, చుక్కాని దాని వెనక అంచుకే వేలాడుతుంది. 1968–69లో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ ఎక్కడా ఆగకుండా ఒంటరిగా 312 రోజుల్లో భూమి చుట్టి వచ్చిన సుహైలి ఆ రకమే. దాన్ని టేకుతో కట్టింది బొంబాయిలోని మన వడ్రంగులు. ఇలాంటి పడవ నెమ్మదిగా తిరుగుతుంది, గాలికి ఎదురెక్కడంలో వెనకబడుతుంది, కానీ మెరకకు తగిలితే దెబ్బను పొడవునా పంచుకుంటుంది. ఎదురైన గడ్డీ గాదం దాని వాలు మీదుగా జారిపోతాయి. ఇప్పటి పడవలకు ఎక్కువగా ఉండేది సన్నని, లోతైన రెక్క కీల్. పందేల పడవల్లో ఆ రెక్కను ఇంకా సన్నం చేసి, కొసన బొండాంలా సీసపు గుండు పెడతారు. వేగం బాగుంటుంది, గుర్రపుడెక్క తీగలూ వలల తాళ్ళూ చిక్కుకోవడానికీ అంతే బాగుంటుంది. ఇంగ్లండు తీరంలో పాటుకు నీరు తీసేసి బురద తేలే రేవులున్నాయి. అక్కడివారు రెండు పొట్టి కీల్‌లను పక్కపక్కన పెట్టుకున్నారు. నీరు పోయాక పడవ వాటి మీద కుదురుగా కూర్చుంటుంది. హాలండు వారి చదును పడవలకు కీలే లేదు. పడవ రెండు పక్కలా చేటల్లాంటి పెద్ద పలకలు వేలాడదీసి, గాలివాలు వైపుదాన్ని దించుతారు, రెండోదాన్ని ఎత్తేస్తారు.

పడవ నడుమ గాడి పెట్టి, అందులోంచి పలకను దించి ఎత్తే పద్ధతి మన దగ్గర హుస్సేన్‌సాగర్‌లో చూడవచ్చు. అక్కడ పిల్లలు నేర్చుకునే ఆప్టిమిస్ట్ పడవ పొడవు 2.3 మీటర్లు, డొప్ప బరువు 35 కిలోలు. పలకను ఎత్తితే అరచేతి లోతు నీటిలో తేలుతుంది, దించితే దాదాపు 80 సెంటీమీటర్లు దిగుతుంది. గట్టు దగ్గరికి వచ్చేసరికి పిల్లలు పలకను పైకి లాగేస్తారు. ఈ పలకకు బరువు లేదు కాబట్టి ఇది మొదటి పని మాత్రమే చేస్తుంది. పడవను నిటారుగా నిలిపేది అంచు మీద వెనక్కి వాలి కూర్చున్న పిల్లల ఒళ్ళే. కొల్లేటి మీద ఎవరైనా తెరచాపతో తిరగాలనుకుంటే పనికొచ్చేది ఈ రకమే. అందులోనూ నేల తగలగానే కత్తి ఒరలోకి మడిచినట్టు వెనక్కి తిరిగి పైకి లేచే పలకైతే మేలు. కొల్లేటి నల్ల ఒండ్రు ఆ గాడిలో గూడుకట్టకుండా చూసుకోవాలి. గాడిలో ఇరుక్కున్న పలక ఎత్తాల్సినప్పుడు రాదు, దించాల్సినప్పుడు దిగదు.

నీరు చాలక పడవ నేలకు తగలడాన్ని మెరకెక్కడం అంటారు. దెబ్బ ఎంత అన్నది రెండు సంగతుల మీద ఉంటుంది: ఎంత వేగంతో తగిలింది, ఎంత దూరంలో ఆగింది. ఆరు టన్నుల పడవ ఆరు నాట్ల, అంటే గంటకు సుమారు 11 కిలోమీటర్ల వేగంతో వస్తోందనుకుందాం. సైకిలు తొక్కేవాడి వేగం కన్నా ఎక్కువేం కాదు. మెత్తని బురదలో రెండు మీటర్లు దూసుకుపోయి ఆగితే కీల్ మీద పడే సగటు బలం ఒకటిన్నర టన్నులు. ఇసుకలో అర మీటరులో ఆగితే దాదాపు ఆరు టన్నులు. రాతికి కొట్టుకుని పది సెంటీమీటర్లలో ఆగితే 29 టన్నులు. వేగం రెండింతలైతే ఈ అంకెలన్నీ నాలుగింతలవుతాయి.

ఆ బలం తగిలేది కీల్ అడుగు కొసన, దాన్ని ఆపాల్సింది పైన ఉన్న బోల్టులు. గునపంతో బండను పెకలించేటప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. కీల్ కొస వెనక్కి పోతుంది, పైభాగం ముందు అంచు పడవ నుంచి ఊడివచ్చేలా కిందికి గుంజుతుంది, వెనక అంచు పడవ అడుగును లోపలికి పొడుస్తుంది. కీల్ ఒకటిన్నర మీటర్ల లోతు, పైన అది అతుక్కున్న చోటు మీటరు పొడవు ఉంటే, రాతి దెబ్బకు ఆ అంచుల దగ్గర లెక్క ప్రకారం 40 టన్నులు దాటిన బలం పుడుతుంది. సీసపు కీల్ అయితే కొస నలిగి కొంత దెబ్బను తానే మింగుతుంది. పోత ఇనుము నలగదు. తిన్న దెబ్బనంతా పైకి పంపిస్తుంది. పడవ లోపల అడుగును బలపరచడానికి ఫైబర్‌గ్లాస్ దూలాల చట్రం ఒకటి అతికించి ఉంటుంది. కీల్ వెనక అంచు పొడిచిన చోట ఆ చట్రం డొప్ప నుంచి విడిపోవచ్చు. చెక్క విరిగితే కనపడుతుంది. అతుకు ఊడితే పైకి ఏమీ తెలియదు. నేల తివాచీ కింద, నీళ్ళ ట్యాంకు వెనక, చెయ్యి దూరని చోట అది ఊడి ఉంటుంది.

2014 మే నెలలో అట్లాంటిక్ నడుమ చీకీ రఫికి అనే 12 మీటర్ల పడవ కీల్ ఊడి తలకిందులైంది. ఆంటిగ్వాలో పందేలు ముగించుకుని ఇంగ్లండు తిరిగి వెళ్తున్న నలుగురూ చనిపోయారు. కీల్ లేని డొప్ప బోర్లాపడి తేలుతూ దొరికింది. బ్రిటన్ సముద్ర ప్రమాదాల దర్యాప్తు సంస్థ ఇచ్చిన నివేదికలో అందరూ చదవాల్సిన మాట ఒకటుంది. ఆ పడవ అంతకు ముందు కొన్నిసార్లు మెరకకు తగిలింది. ఆ తగలడాలూ, తరవాత చేసిన మరమ్మతులూ కలిసి కీల్ అతుకును బలహీనపరిచి ఉండవచ్చని ఆ నివేదిక చెప్పింది. నెమ్మదిగా తగిలి, వెనక్కి వచ్చి, నవ్వుకుని మరిచిపోయిన దెబ్బలు నెలల తరవాత వేల మైళ్ళ అవతల లెక్కకు రావచ్చన్నమాట.

నేల ఏ రకమన్నదాన్ని బట్టి ప్రమాదం తీరు మారుతుంది. పగడపు దిబ్బ అన్నిటికన్నా క్రూరమైనది. 2014 నవంబరు 29న ప్రపంచం చుట్టే పందెంలో ఉన్న వెస్టాస్ విండ్ పడవ మారిషస్‌కు ఈశాన్యంగా ఉన్న కార్గడోస్ కారజోస్ దిబ్బల మీదికి రాత్రి వేళ పూర్తి వేగంతో ఎక్కేసింది. మనుషులు బతికారు, పడవ చుక్కానులు పోయాయి, వెనక భాగం తుక్కయింది. ఆ దిబ్బలు పటంలో లేక కాదు. తెర మీది ఎలక్ట్రానిక్ పటాన్ని దగ్గరగా తెచ్చి చూస్తేనే కనపడతాయి. దూరం నుంచి చూసినప్పుడు అక్కడ నీరే ఉన్నట్టుంటుంది.

మన తీరంలో రాయి తక్కువ, ఇసుక, ఒండ్రు ఎక్కువ. ఏటి మొగలో నిన్నటి దారి ఇవాళ ఉండదు. వరద తెచ్చిన ఇసుక ఎక్కడ మేట వేసిందో వరద తగ్గాకే తెలుస్తుంది. ఓడలు కట్టడంలో పేరున్న కోరంగి రేవు మొగలో ఒండ్రు పేరుకునే పెద్ద ఓడలకు దూరమైంది. బందరులో ఓడలు తీరానికి కొన్ని మైళ్ళ దూరంలోనే లంగరు వేసేవి. సరుకు పడవల మీద ఒడ్డు చేరేది. కోరమాండల్ తీరమంతా ఈ పనికి వాడిన మసూలా పడవలను మేకులతో కాదు, పలకలను కొబ్బరి తాళ్ళతో కుట్టి కట్టేవారు. కీల్ లేదు, లోపల పక్కటెముకలు లేవు. అల ఎత్తి ఇసుక మీద కుదేస్తే పడవ ఒళ్ళంతా కాస్త వంగి, మళ్ళీ యథాస్థితికి వచ్చేది. ఆ తీరానికి బిగువు కన్నా సాగుడే రక్షణ అని కనిపెట్టిన చేతులవి.

సముద్రంలో మెరకెక్కితే ఆదుకునేది పోటు. విశాఖ రేవులో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటుకూ పాటుకూ తేడా సుమారు 1.4 మీటర్లు. పాటు వేళ తగిలితే ఆరు గంటలు ఓపిక పడితే నీరే ఎత్తి తీసుకెళ్తుంది. పోటు నిండుగా ఉన్నప్పుడు తగిలితే నీరు దిగిపోతుంది, పడవ పక్కకు ఒరుగుతుంది. పౌర్ణమి పోటు మీద ఎక్కిన పడవకు అంత నీరు మళ్ళీ దొరకాలంటే రెండు వారాలు ఆగాలి. కొల్లేటికి ఆ పోటు కూడా లేదు. వానాకాలం నిండి, తరవాత నెలల తరబడి తగ్గుతూ పోయే సరస్సు అది. కీల్ ఉన్న పడవ డిసెంబరులో అక్కడ మెరకెక్కితే, రోజు రోజుకూ నీరు తగ్గడమే తప్ప పెరగడం ఉండదు. మళ్ళీ తేలేది ఎగువ వానలకు ఏళ్ళు పొంగినప్పుడే. పైగా ఒండ్రులో దిగిన కీల్‌ను బురద పట్టి పీలుస్తుంది. పక్కకు ఊపి ఆ పట్టు వదిలించాలే తప్ప నేరుగా లాగితే రాదు. చదును అడుగు పడవకు ఈ బాధ లేదు. వేసవిలో కాలువలు కట్టేసి నీళ్ళు తీసేస్తే ఉన్నచోటే అడుగు మీద కుదురుగా కూర్చుంటుంది, నీళ్ళు వదలగానే లేస్తుంది.

మెరకెక్కిన మరుక్షణం చేయాల్సినవి కొన్నే. గాలి పడవను ఇంకా లోపలికి నెడుతుంటే ముందు తెరచాప దించాలి. వచ్చిన దారే లోతున్న దారి కాబట్టి వెనక్కే పోవాలి. ఇంజన్ వెనక్కి తిప్పేటప్పుడు, చల్లబరచడానికి అది పీల్చే నీటితో పాటు ఇసుకా ఒండ్రూ లోపలికి పోతాయని గుర్తుంచుకోవాలి. పడవను ఒక పక్కకు వాల్చితే రెక్క కీల్ లోతు కొంత తగ్గుతుంది. మనుషులంతా ఒకే అంచుకు చేరడం, తెరచాప కింది దూలాన్ని పక్కకు తిప్పి దాని మీద మనిషిని కూర్చోబెట్టడం అందుకే. జంట కీల్ పడవను మాత్రం వాల్చకూడదు, వాల్చితే ఒక కీల్ ఇంకా లోతుకు దిగుతుంది. చిన్న పడవలో లంగరును లోతు నీటికి తీసుకెళ్ళి వేసి, దాని తాడును పడవలోంచి చుట్టుకుంటూ లాగడం అన్నింటికన్నా నమ్మకమైన పాత ఉపాయం. ఇంకో పెద్ద పడవతో బలంగా లాగించడం కొసన చేయాల్సిన పని. మెరకెక్కడంలో చెడనిది ఆ లాగడంలో చెడిపోవచ్చు.

అసలు తగలకుండా చూసుకోవడానికి ఇప్పటి పడవల్లో ధ్వనితో లోతు కొలిచే యంత్రం ఉంటుంది. అది చూపే అంకె ఎక్కడి నుంచి కొలిచిందో తెలియకపోతే ప్రమాదం. కొన్ని పడవల్లో నీటి మట్టం నుంచి, కొన్నింటిలో యంత్రం బిగించిన చోటు నుంచి, కొన్నింటిలో కీల్ అడుగు నుంచి కొలిచి చూపేలా దాన్ని సరిచేసి ఉంచుతారు. తెర మీద 1.5 అని కనిపిస్తే అది కీల్ కింద మిగిలిన నీరో, అప్పటికే నేలకు దిగిన కీలో ఆ ఒక్క సంగతి మీదే తేలుతుంది.

కొల్లేటి మీద చేపలు పట్టే వడ్డీల చేతిలో గడ ఈ యంత్రం పని కూడా చేస్తుంది. గడ పడవను నెట్టే సాధనం. కానీ దిగిన ప్రతిసారీ అది లోతు చెబుతుంది, తడిసిన గుర్తు ఎక్కడి దాకా ఉందో చూస్తే చాలు. కొస దిగిన తీరును బట్టి కింద మెత్తని ఒండ్రో, గట్టి నేలో, కిక్కిస దుబ్బులో చేతికి తెలుస్తుంది. పైకి తీసినప్పుడు అంటుకొచ్చిన మట్టి రంగు కూడా ఒక కబురే. పూర్వం ఓడల మీద లోతు చూసేవారు తాడుకు కట్టిన సీసపు గుండు అడుగున గుంట చేసి అందులో కొవ్వు కూరేవారు. నేల మీది ఇసుక దానికి అంటుకుని పైకి వచ్చేది. రెండు చోట్లా వెతికింది ఒకటే సమాచారం.

మెరకకు తగిలిన కీల్ పడవను, ఎంత నెమ్మదిగా తగిలినా సరే, క్రేనుతో ఎత్తి చూడాల్సిందే. కీల్ పైభాగం పడవకు అతుక్కున్న గీత వెంట, ముఖ్యంగా ముందు అంచున, వెంట్రుక వాసి పగులైనా ఉందేమో చూస్తారు. ఆ పగులు నుంచి తుప్పు చారికలు కారుతుంటే నీరు బోల్టుల దాకా చేరినట్టు. కీల్ కొసను పట్టుకుని పక్కలకు ఊపి చూస్తారు. లోపల నేల పలకలు లేపి, బోల్టుల చుట్టూ, చట్రం అతుకుల వెంట చిన్న సుత్తితో తట్టుతూ పోతారు. అతుకు గట్టిగా ఉన్నచోట టంగుమంటుంది, ఊడినచోట డొల్ల మోత వస్తుంది. అనుమానం తీరకపోతే ఒకటి రెండు బోల్టులు ఊడదీసి, నడుమ సన్నబడ్డాయేమో కొలుస్తారు. తాటిదోనెకు ఇంత హంగామా లేదు. ఇద్దరు కలిసి గట్టు మీదికి లాగి బోర్లిస్తే అడుగంతా ఒక్కసారిగా ఎండలోకి వస్తుంది. ఎక్కడ చేవ అరిగిందో, ఎక్కడ పీచు లేచిందో నిలబడి చూడవచ్చు.